మనిషికి ఒక్క బండి

హనోయి
మార్చి 7, 2004

లువా అక్కకు,

కొత్త సంవత్సరం తెత్ పండక్కి వచ్చి వెళ్ళాక ఉత్తరం రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు, తీరిక లేక. మా ఫ్యాన్ల ఫ్యాక్టరీని ఊరవతలికి మార్చారు. ఇంటి నుంచి ఇరవై మూడు కిలోమీటర్లు. కంపెనీ బస్సు వచ్చే ఏడాది వేస్తారట. సిటీ బస్సు ఎక్కితే, మొదటి బస్సే గేటు మూసిన పావుగంటకి దింపుతుంది. అందుకని సైకిల్. నా పుస్తకంలో రాసుకుంటున్నాను. నిన్న బయల్దేరింది 4.55, చేరింది 6.41. గేటు మూసేది 6.45.

ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే లేత్ మిషను మీంచి తీసి ప్యాకింగులో వేస్తామని బోర్డు పెట్టారు. నాకు ఒకసారి అయింది. మా మేస్త్రి గేటు దగ్గరే నిలబడి, "ఏం దియెన్ గారూ, దారిలో పగోడాలన్నిటికీ దండం పెట్టుకుంటూ వస్తున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పద్దెనిమిదేళ్ళ కింద పక్కవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్న పని ఇది. నా దగ్గర సర్టిఫికెట్ లేదు. ఈ లేత్ దగ్గర్నుంచి లేపితే ఇంకో లేత్ దగ్గర నన్నెవరూ నిలబెట్టరు.

కాబట్టి మోటారు బండి కొనాలి. చిక్కంతా ఇక్కడే. మా పేటల్లో కొత్త బండ్లకి నంబరు ఇవ్వడం ఆపేశారు. మనిషికి ఒక్క బండే అన్న రూలు ఎలాగూ ఉంది. అందుకని ఇక్కడ అందరూ పల్లెల్లో ఉన్న చుట్టాల పేర్ల మీద తిరుగుతున్నారు. మా మెట్ల కింద ఐదు బండ్లుంటే ఐదింటికీ ఐదు జిల్లాల నంబర్లు. కింది వాటా ఆయన వాళ్ళ మేనత్త పేరు మీద తిరుగుతాడు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. పాతది కొందామంటే, నిరుడు కొన్నదాన్ని దొంగ బండని పోలీసులు పట్టుకుపోవడం నీకు తెలుసు.

మనవాళ్ళలో పేరు ఖాళీగా ఉన్నది నీకొక్కదానికే. నీకు బండి లేదు, నడపడం రాదు. గుర్తింపు కార్డు, కుటుంబ పుస్తకం పట్టుకుని ఒక్కరోజు నామ్ దిన్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వస్తే చాలు. ఏ బండో ఇంకా తేల్చుకోలేదు. నువ్వేమంటావో రాయి.

నీ తమ్ముడు
దియెన్


నింకో ఏటి గట్టు, పంపుహౌసు
మార్చి 19

తమ్ముడు దియెన్‌కు,

ఉత్తరం అందింది. చదువుతుండగా రెండో తూము తలుపు బిగుసుకుపోయిందని పిలిచారు, వెళ్ళొచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇక్కడ నాట్లు అయిపోయాయి. నీళ్ళు వదలమని ఒకళ్ళు, ఆపమని ఒకళ్ళు. పై పొలంవాడు, "లువా అత్తా, కిందివాళ్ళు నీకు చేపలేమన్నా పంపారా?" అంటాడు. కిందివాడు వచ్చి, "పైవాళ్ళు బాతుని కోశారట, నీకో కాలు వచ్చే ఉంటుందిలే" అంటాడు. చేపా రాలేదు, బాతూ రాలేదు. మాటలు మాత్రం రెండు వైపులనుంచీ వస్తున్నాయి.

రోజుకి నలభై ఆరు కిలోమీటర్లు సైకిల్ మీద తొక్కితే నీ మోకాళ్ళు ఏం కావాలి? పొద్దున్నే కాస్త జిగురన్నం పొట్లం కట్టి ఇమ్మని మా మరదలు తోమ్‌తో చెప్పు. ఖాళీ కడుపుతో బయల్దేరకు.

పేరు సంగతికి తొందరేముంది, నేనెక్కడికి పోతాను. ముందు బండి ఏదో తేల్చుకో. రోజూ ఎక్కేది. నాలుగు షాపులు తిరిగి చూడు. చూసినవన్నీ నాకు రాయి.

అక్క


హనోయి
ఏప్రిల్ 4

అక్కకు,

నాలుగు కాదు, ఆరు షాపులు చూశాను. ఎర్ర రంగుది ఒకటి ఉంది. చైనా నుంచి విడి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించినది. షాపావిడ, "అన్నయ్యా, కళ్ళు మూసుకుని తీసుకోండి. చూడ్డానికి అచ్చం జపాన్ బండే" అంది.

"చూడ్డానికి కాదమ్మా, ఎక్కడానికి."

"ఎక్కితే మాత్రం ఎవరు చెప్పగలరు?"

"ఎక్కినవాడు చెప్పగలడు."

ఆవిడ టీ పోసింది. నేను వెనక చక్రం ఇరుసు దగ్గర కూర్చుని నట్టు మర చూశాను. అలాంటి మర నేను తీస్తే మా మేస్త్రి నా మీదికే విసిరేవాడు. అయినా చవక. మూడు నాలుగేళ్ళు నడుస్తుంది. నాకు కావాల్సింది గేటు మూయకముందు చేరడం, అంతే. అదే తీసుకుందామనుకుంటున్నాను.

నీకు ఏ వారం వీలవుతుందో రాస్తే నేను ఒకరోజు సెలవు పెడతాను.

దియెన్


నింకో గట్టు
ఏప్రిల్ 20

తమ్ముడికి,

ఆ ఎర్ర బండి వద్దు. అలాంటివి గట్టు మీద రోజూ చూస్తుంటాను. ఎక్కి పోయేవాళ్ళకంటే తోసుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ. మొన్న పోస్టాయన వాళ్ళ అల్లుడు పంపుహౌసు ముందు దాన్ని పడుకోబెట్టి గంటసేపు తిట్టాడు. అది లేవలేదు. "లువా పెద్దమ్మా, దీన్ని మీ తూములో పడేస్తే నీళ్ళు ఆగుతాయా?" అని అడిగాడు. దానికైనా పనికొస్తుందో లేదో చూడాలన్నాను.

చవకని చూసి కొంటే దారిలో ఆగుతుంది. దారిలో ఆగితే ఆలస్యం. నువ్వు కొనేదే ఆలస్యం కాకుండా కదా. ఇంకోటి చూడు.

నాకిప్పుడు ఇక్కడినుంచి కదలడానికి వీలు లేదు. ఏట్లో నీళ్ళు పెరుగుతున్నాయి.

అక్క


హనోయి
మే 9

అక్కకు,

నువ్వన్నది నిజమే. ఎర్రది మానేశాను. జపాన్ కంపెనీ వాళ్ళదే ఒక చవక రకం ఉంది. నీలం రంగు. తేలిక. లీటరుకి యాభై పైన ఇస్తుందని మా మెట్ల కింద ఉన్నవాళ్ళు ఇద్దరు చెప్పారు. ఒకాయన దగ్గర తీసుకుని ఆదివారం ఫ్యాక్టరీ దాకా వెళ్ళి వచ్చాను. వెళ్ళడం నలభై ఎనిమిది నిమిషాలు, రావడం యాభై రెండు. దిగేసరికి కాళ్ళు వణకలేదు. ఇల్లు చేరేసరికి మా వీధిలో కూరలవాళ్ళు ఇంకా ఉన్నారు. నేను వాళ్ళ మొహాలు చూసి చాలా రోజులైంది.

బుధవారం సైకిల్ పంక్చరయింది. చేరింది 6.52. రెండోది పడింది. మేస్త్రి ఈసారి నవ్వలేదు. "చూడు దియెన్, ఇంకొక్కటి పడితే నా చేతిలో ఏమీ ఉండదు. మర తియ్యడంలో నీ చెయ్యి నాకు తెలుసు. కానీ బోర్డు మీద చెయ్యి సంగతి రాసిలేదు, టైము సంగతే రాసుంది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అక్కా, నీలం బండి ఖాయం చేసుకున్నాను. నీ కార్డు నకలు ముందుగా పోస్టులో పంపించు. మిగతా కాగితాలు నేను తయారుచేసి పెడతాను.

దియెన్


నింకో గట్టు
మే 24

తమ్ముడికి,

రెండోది పడిందని చదివి ఆ పూట అన్నం సహించలేదు. టైరు రెండూ మార్చు. పాత టైరుకి అతుకులు వేసుకుంటూ పోకు.

నీలం బండి నువ్వొక్కడివి ఎక్కడానికి బాగానే ఉంటుంది. కానీ తోమ్ వెనక కూర్చుంటుంది కదా. ఆ బండికి సీటు పొట్టి. ఇద్దరు కూర్చుంటే వెనకవాళ్ళు ఇనప క్యారియరు మీదికి జారతారు. గంట ప్రయాణమయ్యేసరికి తొడ తిమ్మిరెక్కుతుంది. వాన వచ్చిందంటే ఇద్దరూ ఒకటే వానకోటు కింద. ముందు కూర్చున్నవాళ్ళకి దారి కనిపిస్తుంది. వెనకవాళ్ళకి కింద పరిగెత్తే రోడ్డూ, నడిపేవాళ్ళ మడమలూ తప్ప ఏమీ కనిపించవు. ఆ మడమ గేరు మార్చినప్పుడు బండి కుదపకుండా ఉంటేనే వెనకవాళ్ళు భయం లేకుండా కూర్చోగలరు. కాఫీ రంగులో ఒక రకం ఉంది. కాస్త ఎత్తు, సీటు పొడుగు. అది దొరుకుతుందేమో కనుక్కో.

కార్డు నకలు తీయాలంటే మా ఊరి కొమ్యూను ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడ మిషను పాడైంది. బాగయ్యాక చూస్తాను.

అక్క


హనోయి
జూన్ 6

అక్కకు,

నువ్వు చెప్పిన కాఫీ రంగు బండి చూశాను. మంచిదే. నాకు అందనిది.

తోమ్ నీ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివింది. "మీ అక్కయ్య మీకు బండి చూస్తోందా, ఇంకో పెళ్ళాన్ని చూస్తోందా? నన్ను చూడ్డానికి వచ్చినరోజు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు" అంది. నవ్వుతూనే అంది. తర్వాత, "ఆవిడ ఇవ్వనని రాయలేకపోతోందేమో, మీరే అర్థం చేసుకోండి" అంది.

మూడు నెలలయింది. ప్రతి ఉత్తరంలోనూ నేను పేరు అడిగాను. నువ్వు బండి గురించే రాశావు.

ఇంకో మాట. నువ్వు పుట్టినదగ్గర్నుంచీ సైకిల్ తప్ప ఎక్కలేదని నేననుకుంటున్నాను. వానకోటు కింద వెనకవాళ్ళకి ఏం కనిపిస్తుందో నీకెలా తెలుసు? అడగకూడనిదైతే జవాబు రాయకు. పేరు ఇవ్వడం కుదరకపోతే ఆ ఒక్క ముక్క రాయి. నేను ఇంకేదన్నా చూసుకుంటాను. ఫ్యాక్టరీలో ఈ ఏడాది ఇంకా ఏడు నెలలుంది. వానలు ఇప్పుడే మొదలయ్యాయి.

దియెన్


నింకో గట్టు
జూన్ 20

దియెన్,

నా పేరు ఖాళీగా లేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి మార్చి నుంచి ఇప్పటిదాకా పట్టింది. లేదని రాస్తే ఎవరికిచ్చావని అడుగుతావు. అది చెప్పడానికి సిగ్గేసింది. అందుకని బండ్లకి వంకలు పెట్టాను. నువ్వు వెతుకుతూ ఉన్నన్నాళ్ళూ కాగితం అడగవనుకున్నాను. ఈలోగా ఆయన వస్తాడనుకున్నాను.

నిరుడు గట్టు కొలతలకి హనోయి నుంచి నీటిపారుదల వాళ్ళు వచ్చారు. అందులో దామ్ అని ఒకాయన. యాభై మూడేళ్ళు. భార్య పోయి ఆరేళ్ళు. పంపుహౌసు పక్క గదిలో ఉండేవాడు. రెండు పూటలా నేనే వండేదాన్ని. మీ పేటలో ఉంటాడు కాబట్టి ఆయనకీ నీలాగే నంబరు రాలేదు. ఒకరోజు, "లువా గారూ, మీ పేరు నాకిస్తారా?" అన్నాడు. అందరూ ఇస్తున్నారు, పుచ్చుకుంటున్నారు, ఇది బండి కోసమే అని నాకు తెలుసు. నలభై తొమ్మిదేళ్ళలో నన్నెవరూ ఏ పేరూ అడగలేదు. ఇచ్చాను. ఇద్దరం నామ్ దిన్ వెళ్ళి రాయించుకున్నాం. కాఫీ రంగుది.

కొలతలు అయిపోయాక కూడా శనివారం శనివారం వచ్చేవాడు. నన్ను వెనక ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో వాళ్ళు, "లువా అత్తా, తూము తలుపు తీసి ఎక్కడికి షికారు?" అనేవాళ్ళు. అననిచ్చాను. తెత్ ముందు శనివారం వచ్చి, పండగయ్యాక మళ్ళీ వస్తానన్నాడు. రాలేదు. ఒక ఉత్తరం రాశాను. జవాబు లేదు.

నీ రెండో ఆలస్యం నా మూలానే పడింది. ఆయన అడ్రసు కింద రాస్తున్నాను. వెళ్ళి నా పేరు విడిపించుకో. గొడవ పెట్టుకోకు. నేనెలా ఉన్నానని అడిగితే బాగానే ఉందని చెప్పు. అడగకపోతే ఏమీ చెప్పకు.

అక్క


హనోయి
జూలై 4

అక్కకు,

ఈ రోజు పొద్దున వెళ్ళాను. సందులో నాలుగో ఇల్లు. బండి అరుగు మీద కప్పి ఉంది. నామ్ దిన్ నంబరు.

ఎవరు కావాలన్నాడు. లువా గారి తమ్ముణ్ణి అన్నాను. ఆయన కూర్చోమని, తను మాత్రం చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఎవరో టీ తెచ్చి పెట్టారు.

"నేను ఆవిడ దగ్గరికి రావాలనే అనుకుంటూ ఉన్నానండీ. రెండుసార్లు బయల్దేరాను కూడా. వంతెన దాకా వచ్చి వెనక్కి తిరిగాను."

"ఉత్తరం రాయొచ్చు కదా."

"ఏమని రాయను? ఆవిడ మంచి మనిషి. మంచివాళ్ళకి రాయడం కష్టం."

"మా అక్కకి నేను పదిహేనేళ్ళుగా రాస్తున్నాను. కష్టమేమీ లేదు."

నేను పేరు సంగతి అడిగాను. పేరు విడిపించాలంటే బండి ఇంకొకళ్ళ పేరుకి మారాలి. మా పేటలో మారదు. పల్లెల్లో ఆయనకి చుట్టాలెవరూ లేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. చివరికి లోపలికి వెళ్ళి తాళంచెవి, బండి కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కాగితం ప్రకారం ఇది మొదటినుంచీ ఆవిడదే. తీసుకెళ్ళండి. నేను బస్సులో వెళ్ళొస్తున్నాను" అన్నాడు. ఊరికే వద్దన్నాను. నెలనెలా కొంత ఇస్తానంటే సరేనన్నాడు.

నువ్వెలా ఉన్నావని అడిగాడు. బాగానే ఉందని చెప్పాను.

బండి తోసుకుంటూ తెచ్చాను. రెండున్నర కిలోమీటర్లు. ఎక్కలేదు. ఇప్పుడు మా మెట్ల కింద ఉంది. అది నీదే. అమ్మమంటే అమ్ముతాను. నీ దగ్గరికి తెమ్మంటే తెస్తాను. నన్ను ఎక్కమంటే ఎక్కుతాను. రోజూ నేను దాని మీద తిరుగుతున్నానని తెలిసి నీకు ఎలా ఉంటుందో నేను ఇక్కడ కూర్చుని ఊహించలేను. నువ్వు రాసేదాకా దాన్ని ముట్టుకోను.

తోమ్ నన్ను పిచ్చివాణ్ణంటోంది. "ఆవిడ వద్దంటుందా? రేపే ఎక్కండి" అంటోంది. వద్దనదని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాను.

దియెన్


నింకో గట్టు
జూలై 12

తమ్ముడికి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారమంతా రాయలేకపోయాను. ఎగువన వానలు. మూడు తూములూ మూసి కూర్చున్నాం.

ఎవరో టీ తెచ్చారని రాశావు. ఆ "ఎవరో" అన్న మాట ఎందుకు వాడావో నాకు తెలుసు. చిన్నప్పుడు కుండ పగలగొట్టినప్పుడు కూడా నువ్వు ఎవరో అనే అనేవాడివి. అబద్ధం చెప్పడం నీకు రాదు. నేను అడగను. నువ్వూ చెప్పకు.

నాకు ఏడుపు రాలేదు. ఆవలింతలు వచ్చాయి. పద్నాలుగు గంటలు పడుకున్నాను. ఎన్నాళ్ళనుంచో శనివారం మధ్యాహ్నం నుంచి గట్టు మీద చప్పుళ్ళు వింటూ కూర్చోవడం అలవాటైపోయింది. ఇక ఆ పని లేదు.

బండి ఎక్కు. ఈ ఉత్తరం అందిన మర్నాడే ఎక్కు. ఎందుకు ఆగావురా? నేనెలా ఉన్నానో చూసుకోవడానికి నాకు బోలెడంత టైముంది, నీకే లేదు. నా పేరు ఎలాగూ ఆ కాగితం మీదే ఉండాలి కాబట్టి, నువ్వు పనికి వెళ్ళడానికైనా ఉండనీ. చైన్‌కి నూనె వెయ్యి. ఆయన ఎప్పుడూ వేసేవాడు కాదు.

ఒక్కటే అడుగుతాను. దాన్ని ఈ గట్టు మీదికి మాత్రం తేకు. ఇటుకబట్టీ మలుపు తిరగకముందే దాని చప్పుడు నేను గుర్తుపడతాను. నువ్వే వస్తున్నావని తెలిసినా, ఒక క్షణం నువ్వనుకోను.

అక్క


ఫ్యాక్టరీ గేటు దగ్గర
జూలై 19, సోమవారం

అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. దాని ముందురోజు, గురువారం, కుండపోత. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. తోమ్ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించి సైకిల్ తీశాను. చేరింది 6.49. నాలుగు నిమిషాలు. మూడోది పడింది. శుక్రవారం నుంచి ప్యాకింగులో ఉన్నాను. ఫ్యాన్ రెక్కలు మూడేసి లెక్కపెట్టి డబ్బాలో పెట్టాలి. పని తేలికే. చేతులకేమీ తోచడం లేదు. మేస్త్రి అటుగా వచ్చి, "ఏడాది మారాక చూద్దాంలే" అన్నాడు. చూస్తాడో చూడడో. నా లేత్ దగ్గర కొత్తతన్ని నిలబెట్టారు. మర ఎలా పట్టాలో వచ్చి నన్నే అడిగాడు. చూపించాను.

ఇది నీ మూలాన అని రాస్తావు. రాయకు. తాళంచెవి నా చేతికే వచ్చింది, నేనే తిరిగి పెట్టాను. అలా పెట్టకపోతే ఆ రోజు టైముకి చేరేవాణ్ణే. రెండూ బేరీజు వేసి చూశాను. మళ్ళీ ఆ గురువారం వచ్చినా సైకిలే తీస్తాను.

ఈ రోజు మొదటిసారి ఎక్కాను. చైన్‌కి నూనె వేశాను. బండి బాగుంది, నువ్వు చెప్పినట్టే. బయల్దేరింది 5.20, చేరింది 6.08. గేటు ఇంకా తెరవలేదు. కాపలాదారు వచ్చి, "ఏమయ్యా, రాత్రి ఇక్కడే పడుకున్నావా?" అన్నాడు. ఇంత ముందుగా వస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. ఎదురుగా టీ కొట్టులో టీ తాగాను. ఇంకా అరగంట మిగిలింది. డబ్బా అట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకుని, బండి మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

గేటు తీస్తున్నారు. ఈ ఆదివారం వస్తాను. బస్సులో.

దియెన్